కట్టేసిన రెమ్మలు

పెళ్లి ఫొటో తీసేటప్పుడు అడ్డొచ్చినవాళ్లను పక్కకు జరపడం శ్యాంప్రసాద్‌కు అలవాటు. చోడవరంలో స్టూడియో పెట్టినప్పటి నుంచీ అదే పని. రెండేళ్లుగా ఆదివారాలు పిట్టల్ని లెక్కపెట్టే బృందంతో పొలాల వెంట తిరుగుతున్నాడు. చేతి అలవాటు మాత్రం మారలేదు.

ఆ శనివారం ఉదయం రోలుగుంట రోడ్డులో, నూకరత్నం చెరకు తోట గట్టున, ఒక పొదలో పిగిలిపిట్ట గూడు కనపడింది. లోపల గుడ్లు. పైన రెండు రెమ్మలు అడ్డం. కెమెరా సంచిలోని దారంతో వాటిని వెనక్కి కట్టేశాడు. ఫొటో తీసి, బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టి, మాడుగులలో పెళ్లికి వెళ్లిపోయాడు.

జీలకర్ర బెల్లం కాగానే ఫోను మోగింది. బృందాన్ని నడిపే ఉమామహేష్.

"ఫొటో బాగుందండీ. గూటి మీద అంత వెలుతురు ఎలా పడింది?"

శ్యాంప్రసాద్‌కు అప్పుడు గుర్తొచ్చింది. దారం విప్పలేదు. మళ్లీ చేస్తానని ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత తీసిన ఫొటోలు సగం కదిలిపోయాయి. పెళ్లికూతురి మేనమామ సత్తిబాబు దెప్పాడు. "ఏటి ప్రసాదూ, పెళ్లి నీదా ఏటి, అంత కంగారు పడతన్నావు?"

భోజనాలు మొదలవగానే బండి తీశాడు.

గుడ్లు ఉన్నాయి. వాటి మీద ఎండ ఉంది. పిట్ట లేదు. కరెంటు తీగ మీద కాకి కూర్చుంది. దారం తెంపాడు. వాడిన రెమ్మలు మునుపటిలా కప్పలేదు. మట్టిబెడ్డ విసిరాడు. కాకి ఒక చుట్టు తిరిగి అక్కడే వాలింది.

నూకరత్నం వచ్చింది. "నా తోటలో నీకేటి పోయింది బాబూ?"

చెప్పాడు.

"నీ ఫొటో తగలెట్టా. నువ్వు నిలబడితే కాకీ రాదు, పిట్టా రాదు. ఎల్లిపో."

"ఎల్తే కాకి తినేస్తాది పిన్నీ."

"ఉంటే ఎండ తినేస్తాది. సూసుకో."

రాలిన చెరకు ఆకులు తెచ్చి గూటిపైన పొదకు ఆనించాడు. రోడ్డెక్కి బండి దగ్గర నిలబడ్డాడు. మండపం నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒకటీ ఎత్తలేదు. చాలాసేపటికి పిట్ట చెరకు కొసన వాలింది. అటూ ఇటూ చూసి పొదలోకి దిగింది. మళ్లీ పైకి రాలేదు. కెమెరా లెన్సుతో దగ్గరికి లాగి చూశాడు. ఆకులు తప్ప ఏమీ కనపడలేదు.

కాకి మాత్రం కదల్లేదు.

మర్నాడు సర్వేలో ఉమామహేష్ గూడు ఎక్కడని అడిగాడు.

"రెమ్మలు నేనే కట్టేసేనండీ. విప్పేసేను. ఇప్పుడేటీ కనపడదు," అని శ్యాంప్రసాద్ బృందాన్ని అవతలి గట్టుకు మళ్లించాడు. లెక్క పూర్తయ్యేదాకా కరెంటు తీగ వైపే చూస్తూ నడిచాడు.