అతిథుల కంటే ముందు

సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ లాడ్జిలో గదులు చూసుకునే ఆవిణ్ణి అందరూ కూపీ అక్క అనేవారు. దుప్పట్లు మారుస్తూనే వచ్చినవాళ్ళ ఊరూ పేరూ, పెళ్ళైందీ కానిదీ, రాత్రి నిద్ర పట్టిందీ పట్టనిదీ అన్నీ రాబట్టేసేది. లాడ్జి ఆవిడ తమ్ముడిది. అతని తీరే వేరు. అతిథి అడగందే నోరు విప్పడు, అతిథి గడప దాటందే తాను దాటడు. అక్క నోటికి తాళం వేయలేక ఏనాడో చేతులెత్తేశాడు.

ఆ ఏడు విపత్తుల శాఖవాళ్ళు వచ్చి సునామీ సైరన్ బిగించారు. అది మోగితే అందరూ లాడ్జి వెనక గుట్ట ఎక్కాలి. ఒకరోజు ఉత్తుత్తినే మోగించి చూశారు. గుట్ట వైపు ఒక్కరూ కదల్లేదు. పైగా కొందరు ఏం వస్తుందో చూద్దామని ఫోన్లు పట్టుకుని ఇసుకలోకి దిగారు. శాఖవాళ్ళు ఉసూరుమంటూ వెళ్ళిపోయారు గానీ కూపీ అక్కకు మాత్రం అన్నం సహించలేదు. చెవులున్నాయి, కాళ్ళున్నాయి, ప్రాణమంటే తీపీ ఉంది. మరి ఎందుకు కదల్లేదు?

మర్నాడు గది గదికీ వెళ్ళి అదే ఆరా తీసింది. ఒకాయన ఏదో వేడుక అనుకున్నాడట. ఒకావిడ స్నానం చేస్తోందట. చివరికి కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ అసలు సంగతి చెప్పింది.

"మీ తమ్ముడు గేటు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు కదమ్మా. యజమానే అంత నింపాదిగా ఉంటే మాకేం భయం?"

కూపీ అక్క ఆ మంచం మీదే కూలబడింది. నిజమే. దారి చూపిస్తూ లాడ్జివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ మర్యాదగా నిలబడ్డారు. తానూ అంతే. ఈసారి ముందు మనమే పరుగెత్తాలిరా అని చెబితే తమ్ముడు మండిపడ్డాడు. అతిథుల్ని గాలికొదిలేసి పారిపోయాడన్న పేరు తనకొద్దన్నాడు. ఎన్ని రోజులు పోరినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం సముద్రం ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది. సైరన్ మోగింది. కూపీ అక్క చేతిలోని దుప్పట్లు అక్కడే పడేసి, రండి రండి అని కేకలు పెడుతూ గుట్టకేసి పరుగు లంకించుకుంది. ఆవిడ పరుగు చూసి వంటమనిషి, వంటమనిషిని చూసి అతిథులు, ముసలావిణ్ణి భుజాన వేసుకుని ఆమె కొడుకు, అందరూ వెంటపడ్డారు.

సగం గుట్ట ఎక్కి తిరిగి చూస్తే తమ్ముడు ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు, చేతులు జోడించుకుని. అక్కడ ఇంక సాగనంపడానికి ఎవరూ లేరు. ఆవిడ వాణ్ణి లాక్కురావాలని కిందికి అడుగేసింది. అంతే, వెనక వస్తున్నవాళ్ళంతా ఠక్కున ఆగి తామూ కిందికి తిరిగారు.

ఆవిడ పెదవి కొరుక్కుని మళ్ళీ పైకి తిరిగింది. ఏడుస్తూనే పరుగెత్తింది. ఇక వెనక్కి చూడలేదు. ఆ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది తనే.

గుట్ట మీదికి చేరి మోకాళ్ళ మీద పడిపోయింది. కింద నీళ్ళు గేటును మింగేస్తున్న చప్పుడు. అప్పుడు ఎవరో వచ్చి పక్కన చతికిలబడ్డారు. తమ్ముడే. చెప్పుల్లేవు, ఊపిరి అందడం లేదు.

"నువ్వు వస్తావనే నిలబడ్డానక్కా," అన్నాడు. "నువ్వు నన్ను వదిలేసి పైకి పోతుంటే, అప్పుడేసింది భయం."