నాలుగో నంబరు కవరు

ఆ రోజుల్లో భయపడటానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. బస్సు ఐదు నిమిషాలు ముందొచ్చినా భయమే, రాకపోయినా భయమే. అలాంటి నేను టెక్కలిలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతూ, తిండి చుట్టడానికి వాడేవాటిలో ఏది నేలకు ఎక్కువ చేటో తేల్చే ప్రాజెక్టు నెత్తికెత్తుకున్నాను. ఉద్దానంలో మా ఇంటి వెనక కొబ్బరిచెట్ల మధ్య ఐదు గోతులు తవ్వి, అడ్డాకుల విస్తరి, పకోడీలు కట్టిచ్చిన పాత పేపరు, ఫాయిల్, పలాస జీడిపప్పు వచ్చిన దళసరి ప్లాస్టిక్ కవరు, థర్మోకోల్ ప్లేటు వరసగా కప్పెట్టాను. కవరు మీద మార్కర్‌తో పెద్ద ‘4’ వేశాను. మూడు నెలలయ్యాక తవ్వి తీసి, ఏది కుళ్ళిందో ఏది కుళ్ళలేదో వైవాలో చూపించాలి. శాంపిళ్ళు లేకపోతే మార్కుల్లేవని సార్ ముందే చెప్పేశారు. ఆ మార్కులు పోతే డిగ్రీ పోయినట్టే. మా ఇంట్లో అంతదాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే (ఆ సంగతి నాన్న బస్సు కండక్టరుకి కూడా చెప్పి ఉంచాడు).

వైవాకి ముందురోజు తవ్వాను. విస్తరికి ఈనెలే మిగిలాయి. పేపరు ముద్దయిపోయింది. ఫాయిలు, ప్లేటు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాలుగో గోతిలో మాత్రం ఏమీ లేదు! మోచెయ్యి లోతు తవ్వినా ఇసకే. ప్లాస్టిక్ మూడు నెలల్లో మాయమైందా? ఒక్క నిమిషం నేనేదో కొత్త విషయం కనిపెట్టేశానని మురిసిపోయాను (పేపర్లో నా ఫోటో కూడా కనిపించింది). మరు నిమిషంలో వైవా గుర్తొచ్చింది. ఎవరినైనా అడిగే ధైర్యం లేక, వంటింట్లోంచి అలాంటి కవరే ఇంకొకటి తెచ్చి, ‘4’ వేసి, దానికి మట్టి పులుముతూ కూర్చున్నాను. నాన్నమ్మ చూడనే చూసింది.

“ఏటే, సుబ్బరమైన కవరుకి మట్టి పులమతన్నావు?”

“పరీక్షకి నాన్నమ్మా.”

“మట్టి పూత్తే మార్కులేత్తారేటి! ఏం సదువులో!” అంటూ లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్న నాన్నమ్మే కేరేజీ కట్టి నా సంచిలో పెట్టింది. బస్సులో దారంతా నాకు చెమటలే. వైవాకి వేరే ఊరి నుంచి వచ్చిన మేడమ్ కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, “సంచిలో ఉన్నవన్నీ బల్లమీద పెట్టమ్మా” అన్నారు. ఈనెలు, పేపరు ముద్ద, ఫాయిలు, ప్లేటు, మట్టి కవరు పెట్టాను. సంచి అడుగున ఇంకేదో ఉందని సార్ చెయ్యి పెట్టి బయటికి తీశారు. నా కేరేజీ! వేయించిన నెత్తళ్ళ చేపల వాసన ల్యాబంతా కమ్మేసింది. దానికి చుట్టి ఉన్నది తళతళలాడే జీడిపప్పు కవరు. దానిమీద, నా చేతిరాతతో, ‘4’.

“నాలుగో శాంపిల్ రెండెలా అయింది?” అన్నారు మేడమ్. నాకు ఏడుపొచ్చేసింది. దొంగ కవరు సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మేడమ్ మా ఇంటికి ఫోన్ చేయించి, స్పీకర్ పెట్టించారు.

“ఆ కవరా?” అంది నాన్నమ్మ. “నువ్వు కప్పెట్టిన సాయంత్రమే తీసేసినాను. బంగారంలాంటి కవరు మట్టిలో పెడతారేటమ్మా? కడిగి ఆరేసి, అప్పట్నించి బుధారం బుధారం ఆడోళ్ళ ప్రార్థనకి బైబిలు అందులోనే అట్టుకెల్తన్నాను. ఈయాల నీకు పరీచ్చని డబ్బాకి సుట్టినాను. మిగతాయి ఎందుకూ పనికిరావని వొగ్గీసినాను. కవరు పారీకు, తెచ్చీ!”

బుధవారాలు నేను కాలేజీలో ఉండేదాన్ని, ఇంక నాకెలా తెలుస్తుంది? సార్ తల పట్టుకున్నారు. మేడమ్ మాత్రం గట్టిగా నవ్వేశారు. “ఏది ఎన్నాళ్ళకి కుళ్ళుతుందో నువ్వు రాశావు. ఒక్కోటి ఎన్నిసార్లు వాడతారో రాశావా? అదీ లెక్కే కదమ్మా. మీ నాన్నమ్మ పేరుతో ఒక పేజీ రాసి ఇయ్యి” అన్నారు. దొంగ కవరుకి మాత్రం మార్కులు కోసేశారు. బొటాబొటీగా పాసయ్యాను. నాన్న కండక్టరుకి ఫస్టుక్లాసని చెప్పుకున్నాడు.

నాన్నమ్మ పోయి మూడేళ్ళయింది. ఆవిడ బైబిలు ఆ కవరుతో సహా నా దగ్గరే ఉంది. ‘4’ కాస్త వెలిసింది గానీ కవరు ఎక్కడా చిరగలేదు. ప్లాస్టిక్ కుళ్ళదని పుస్తకంలో చదివినప్పుడు అది ప్లాస్టిక్ చేసే తప్పే అనుకున్నాను. ఇప్పుడు ఆ కవరు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, అదొక్కటి కుళ్ళకుండా ఉన్నందుకు సంతోషిస్తాను, ఆ వెంటనే సిగ్గుపడతాను. మొన్న పాల కవర్లు కడిగి తీగ మీద ఆరేస్తుంటే మా ఆయన చూసి, “ఏటి, మళ్ళీ పరీక్షేటి?” అన్నాడు. గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదానికీ క్లిప్పు పెడుతూ, “నువ్వా కవరుని తవ్వి తీసినట్టే, నేను నిన్ను తవ్వి తీస్తున్నాను చూడు నాన్నమ్మా” అని నాలో నేనే నవ్వుకున్నాను.