పుట్టమన్ను కోర్టు

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసరికి, మా కాలేజీలో ఆడపిల్లల బాల్ బ్యాడ్మింటన్ కోర్టు అంటే నాలుగు వెదురు గుంజలూ, వాటి మధ్య ఒక గొయ్యీను. అరవైల చివరి మాట ఇది. లైబ్రరీ వెనక, మగపిల్లల కంట పడకుండా చుట్టూ తాటాకు తడికలు కట్టించి మాకు కోర్టు వేయిస్తామని ప్రిన్సిపాల్ గారు వేసవి సెలవులకు ముందే సభలో చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టామా అని నాకు ఈ రోజుకీ ఒళ్లు మంటే.

నాకు డ్రిల్లు టీచరు కావాలని ఉండేది. హైస్కూల్లో మాకొక డ్రిల్లు టీచరమ్మ ఉండేది. మెళ్లో ఈల వేసుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఎండలో నిలబడి మాకు బ్యాటు పట్టడం నేర్పింది. ఆవిడ ఈల వేస్తే హెడ్మాస్టరు కూడా ఆగి చూసేవాడు. నాకు అలాంటి ఉద్యోగమే కావాలి, ఇంకోటి అక్కర్లేదు. దానికి ట్రైనింగు కాలేజీలో సీటు రావాలంటే డిగ్రీ ఒక్కటీ చాలదు, కాలేజీ జట్టులో ఉండి వేరే కాలేజీల మీద ఆడి ఉండాలి. ఆ పోటీలు ఏడాదికోసారి, పెద్దపండగ వెళ్లిన తర్వాత జరిగేవి. జట్టు పేర్లు మాత్రం పండక్కి ముందే పంపెయ్యాలి. అంతకు ముందు రెండేళ్లూ మా కాలేజీ నుంచి ఆడపిల్లల జట్టే వెళ్లలేదు. మగపిల్లలు చూస్తుండగా ఆడపిల్లలు గెంతడం తన కాలేజీలో జరగదని ప్రిన్సిపాల్ గారి పట్టుదల. కాబట్టి తడికల మధ్య కోర్టు ఉంటేనే ప్రాక్టీసు, ప్రాక్టీసు ఉంటేనే జట్టు, జట్టు ఉంటేనే నా సీటు. అంతా వెళ్లి ఆ గోతిలో పడింది.

కంట్రాక్టరు కాలేజీ కమిటీలో ఒకాయనకి బావమరిది. వానలు వెనకబట్టగానే గొయ్యి తవ్వించడం మొదలుపెట్టాడు. అందులో పుట్టమన్ను నింపి, నీళ్లు పోసి, దిమ్మిసతో కొట్టి ఆరబెట్టాలి. ఉత్త ఎర్రమట్టి వేస్తే నెర్రెలిస్తుంది, ఇసక వేస్తే కాలు జారుతుంది, అందుకని పుట్టమన్నే కావాలి. ఈ సంగతి అతనికి ముందే తెలుసు. తెలిసి కూడా ఆశ్వయుజమంతా గొయ్యి తవ్వాడు. అంత గొయ్యిలో మా ఊరి మందంతా పడుకోవచ్చు. గొయ్యి పూర్తయ్యేసరికి కార్తీకం వచ్చి కూచుంది.

"కార్తీకంలో పుట్ట తవ్వితే కళ్లు పోతాయి పాపా. నాగులసవితి ఎల్లనీ, అప్పుడు సూద్దుం," అన్నాడు నేను వెళ్లి అడిగితే.

చవితి వెళ్లాక మళ్లీ అడిగాను. పున్నమి వెళ్లనీ అన్నాడు. పున్నమి వెళ్లాక అడిగితే నావైపు విసుగ్గా చూశాడు.

"పాలు పోసిన పుట్ట మీద గునపం ఎవులేత్తారు? నువ్వేత్తావేటి?"

ఎత్తుతానన్నాను. "ఈ గుంటకి బయం లేదురా," అని నన్ను చూపించి కూలీలతో చెప్పి నవ్వాడు. నాకు నాగుపాము మీద కోపం లేదు. మా పొలం గట్టు మీది పుట్టలో మా అమ్మ పాలు పోస్తే, పక్కన నిలబడి చిమ్మిలీ చలిమిడీ పెట్టింది నేనే. నా కోపమంతా ఆశ్వయుజం మీద. పుట్టలు ఊరికే పడి ఉన్న నెలంతా పోగొట్టి, పాలు పోశాక భక్తి పుట్టిందా ఇతనికి?

కార్తీకం ఎలాగో పోయింది. రెండు బళ్ల మన్ను తెచ్చి గొయ్యి పక్కన కుప్ప పోశారు. మర్నాడు వెళ్లి చూస్తే కుప్ప ఉంది, కూలీలు లేరు. ఆ మర్నాడూ లేరు. కంట్రాక్టరుని అడిగితే, "కోతలు పడ్డాయి, నానేటి సెయ్యను?" అన్నాడు, ఆకాశంకేసి చూపించి. కోతలు ఆకాశంలోంచి పడతాయా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికి నడిచి వస్తూ మా పొలం దగ్గర ఆగిపోయాను. మా కోర్టు కూలీలు మా వరిలోనే వంగి కోస్తున్నారు. గట్టు మీద మా అయ్య చుట్ట కాలుస్తూ నిలబడి ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయ్యా, ఈలు మా కోర్టు పనోళ్లు కదా. ఇక్కడేటి సేస్తన్నారు?"

"కోత కోస్తన్నారు. కనబడ్డం నేదేటి?"

"మరి మా కోర్టు ఎవులు సేస్తారు?"

"ఒసే, మంచుకి ఎన్ను తడిసి మొలకొచ్చేస్తే, మీ కోర్టు వొండుకు తింతావేటి?" అన్నాడు, నావైపు తిరక్కుండానే.

ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే నాకు మరింత మండింది. ఊళ్లో ఇంతమంది కూలీలు ఉండగా మా కోర్టు కూలీలే దొరికారా ఈయనకి? ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలింది. అయ్య బతిమాలలేదు, తన కంచం ఖాళీ చేసి లేచిపోయాడు.

నాలుగు రోజులు మా మధ్య మాటల్లేవు. కోతలై, పనలు కట్టి, కుప్ప వేయడం ముగిసిన సాయంత్రం నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఆయనే కదిపాడు.

"ఆ కోర్టు గొడవేటి? అందులో గెంతకపోతే నీకేటి పోద్ది?"

ట్రైనింగు సీటు సంగతి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాను. ఆయన చెంబు పక్కన పెట్టి విన్నాడు.

"గెంతించినందుకు జీతమిస్తారా?"

"ఇస్తారు."

"గవర్మెంటోడేనా?"

"గవర్మెంటే."

మర్నాడు పొద్దున్నే మా ఎడ్లబండి కాలేజీ గేటు ముందు ఆగింది. బండిలో మా అయ్య, ఇద్దరు పాలేళ్లు, దిమ్మిసలు, గడ్డి మోపులు. కంట్రాక్టరు ఎదురొచ్చి, "రా బావా రా," అని ఎంత ఆనందపడ్డాడో చెప్పలేను. తన పని ఎవడో వచ్చి చేస్తుంటే ఆనందం కాక మరేముంటుంది.

మంచు మాత్రం ఎవరి మాటా వినలేదు. ఆ ఏడు తెల్లారి చాలాసేపటిదాకా లైబ్రరీ గోడ కూడా కనిపించేది కాదు, తడికల మీంచి నీళ్లు కారేవి. పగలు కొట్టిన మన్ను రాత్రికి మళ్లీ మెత్తబడిపోయేది. అయ్య సాయంత్రం గడ్డి కప్పించి, పొద్దెక్కాక తీయించేవాడు. మళ్లీ కొట్టించేవాడు, మళ్లీ కప్పించేవాడు. తన కళ్లం పని మానుకుని వచ్చి చేశాడిదంతా. ప్రిన్సిపాల్ గారి గది కిటికీ అటువైపే ఉండేది. ఆయన రోజూ కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగుతూ చూసేవారు. ఓసారి బాగుంది బాగుంది అని తలాడించారట కూడా.

ఆఖరికి పేడతో అలికి ఆరబెట్టారు. అయ్య మధ్యలో నిలబడి మడమతో గట్టిగా తొక్కి చూశాడు. కుంగలేదు.

"ఇంక గెంతు," అన్నాడు నాతో. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు మేం అయిదుగురమూ బ్యాట్లూ పచ్చ ఉన్ని బంతులూ పట్టుకుని వెళ్లాం. తడికల మధ్య దారికి అడ్డంగా కొత్త తాడు కట్టి ఉంది. పక్కన స్టూలు మీద బంట్రోతు కూచున్నాడు. "అడుగెట్టనీవొద్దన్నారమ్మా," అన్నాడు. నేను తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లాను.

"నెలగంట పెట్టేశారు కదమ్మా," అన్నారాయన, చాలా ప్రశాంతంగా. "ధనుర్మాసంలో ప్రారంభోత్సవం ఎలా చేస్తాం? పండగ వెళ్లాక వస్తామని కమిటీ పెద్దాయన మాట ఇచ్చారు."

"ఉత్సవం అప్పుడే చేసుకోండి సార్. మేం ఊరికే ప్రాక్టీసు చేసుకుంటాం."

"ప్రారంభం కాని కోర్టులో ప్రాక్టీసేమిటి?"

"మరి జట్టు పేర్లు పండక్కి ముందే పంపాలి కద సార్."

"ప్రాక్టీసు లేని జట్టుని పంపి కాలేజీ పరువు తీయమంటావా?"

ఆయన మాకు ఫిజిక్సు చెప్పేవారు. కారణం ముందు, ఫలితం తరువాత అని బోర్డు మీద రాసి మరీ చెప్పిన మనిషి. నా నోరు ఆగలేదు. "కోర్టుకేమన్నా పెళ్లా సార్, పేరంటమా?" అన్నాను. గది బయట గుమాస్తాకి కూడా వినపడింది.

"ఆడపిల్లవి, ఆ నోరేమిటి?" అన్నారు.

ఈ నెలగంట మాట మా అయ్య మన్ను కొడుతున్నన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నాడీ మనిషి? ఒక్కసారి కిటికీలోంచి పిలిచి చెప్పొద్దా? ఇంటికి వెళ్లి అయ్యతో చెప్పాను.

"నెలగంటని మనం ఏ యేడన్నా కోతలాపేమేటి?" అన్నాడాయన. "కుప్పలాపేమేటి? నాను ఒచ్చి ఆ తాడు తెంపేత్తాను."

అమ్మ అడ్డుపడింది, పిల్ల చదువు పాడవుతుందని. నిజంగానే టీసీ చేతిలో పెట్టి పంపించేసేవారు. ఆయన తాడు తెంపలేదు. తెంపి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ రోజుల్లో మేం పొద్దున్నే తడిక సందుల్లోంచి చూసేవాళ్లం. కోర్టు నున్నగా, చక్కగా పడి ఉండేది. దాని మీద మొదట అడుగు పెట్టినవి కుక్కలు. తాడు కింద నుంచి దూరి, ఎండ పడే మూల చూసుకుని హాయిగా పడుకునేవి. వాటికి నెలగంట లేదు, పెద్దాయనతో పని లేదు. బంట్రోతు వాటిని తోలేవాడు కాదు. మమ్మల్ని చూస్తే మాత్రం లేచి నిలబడేవాడు. అలా చూస్తుండగానే గడువు దాటిపోయింది. మగపిల్లల జట్ల పేర్లన్నీ వెళ్లాయి. మా పేర్లు వెళ్లలేదు.

పండగ వెళ్లాక ప్రారంభోత్సవం చేశారు. తడికలకి మామిడి తోరణాలు, ముందు షామియానా. మమ్మల్ని పట్టుచీరలు కట్టుకుని రమ్మన్నారు. వచ్చినవాళ్ల మీద పన్నీరు చిలకరించడం మా పని. పోటీలు అదే వారంలో విజయనగరంలో జరుగుతున్నాయి, మేమిక్కడ పన్నీరు చిలకరిస్తున్నాం. వేదిక మీద ప్రిన్సిపాల్ గారు కోర్టు చరిత్ర చెప్పి, ఎంతో శ్రమించారంటూ కంట్రాక్టరుని పిలిచి మెడలో దండ వేశారు. అతను సిగ్గుపడుతూ వేయించుకున్నాడు. మా అయ్యని ఎవరూ పిలవలేదు. ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, కుర్చీలు నిండిపోయాయంటే తడిక బయట నిలబడి, సందులోంచి చూస్తున్నాడు. నాకు కనిపించింది ఆయన కన్నొకటీ, చుట్ట పట్టుకున్న వేళ్లూ.

అప్పుడు ప్రిన్సిపాల్ గారు నన్నే పిలిచారు. "పెద్దాయనకి ఒక సర్వీసు వెయ్యమ్మా. మెల్లిగా."

పెద్దాయన కండువా సర్దుకుని, బ్యాటుని విసనకర్రలా పట్టుకుని నిలబడ్డాడు. నేను కొంగు దోపుకున్నాను. వేశాను. బంతి వలని రాసుకుంటూ పోయి ఆయన మోకాలి పక్కనుంచి దూసుకుపోయింది. ఎవరో నవ్వి, మధ్యలో ఆపేశారు.

"మెల్లిగా అన్నాను కదమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

రెండోది అంతకంటే కిందగా, ఆయన ఎడం పక్కకి వేశాను. మూడోది గీత మీద. ఒక్కటీ ఆయన బ్యాటుకి తగల్లేదు. ప్రిన్సిపాల్ గారు నా చేతిలోంచి బ్యాటు లాక్కున్నారు. ఆ కోర్టు మీద నేను ఆడిన ఆట అంతే. పరీక్షలొచ్చాయి, డిగ్రీ అయిపోయింది.

వేసవిలో ట్రైనింగు కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్లాను. అయ్య తోడొచ్చి గేటు బయట చెట్టు కింద కూచున్నాడు. వరండాలో నాలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. పోటీల్లో ఆడనివాళ్లు అందులో సగం పైనే. భయపడక్కర్లేదని వాళ్లే చెప్పారు, ఆడపిల్లలకి కోర్టే లేని కాలేజీల నుంచి వచ్చినవాళ్లకి ఆ నిబంధన సడలిస్తున్నారట. లోపలికి వెళ్లి వచ్చిన ఒకమ్మాయి అలాగే సీటు వచ్చిందని గంతులేసింది.

నన్ను పిలిచారు. బల్ల వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ కూచుని ఉంది. పరుగెత్తమంది, పరుగెత్తాను. బ్యాటు ఇచ్చి నాలుగు బంతులు ఆడించింది, ముఖం విప్పారింది.

"కాలేజీ జట్టులో ఆడావా?"

"లేదండి."

"మీ కాలేజీలో అమ్మాయిలకి కోర్టు లేదా?" అని తనే అందించింది, కలం ఎత్తి పట్టుకుని.

లేదు అంటే చాలు. ఆవిడ కూడా ఆ మాట కోసమే చూస్తోంది. లేదనడానికి నాకు నోరు రాలేదు.

"ఉందండి. మా అయ్య వేశాడు."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఇంట్లోవాళ్లు కోర్టు వేసిచ్చినా ఆడలేదా?" అంది, నిజంగా నొచ్చుకుంటూ. "శ్రద్ధ ఉండాలమ్మా." తర్వాతి పిల్లని పిలిచింది.