ఫిష్ అంటే చేప సార్

మా సీనియర్ ఆపరేటర్ని ఆఫీసులో అందరూ మీటరక్క అంటారు. ఊళ్లోని ఇరవై మూడు పంపుహౌసుల మీటరు రీడింగులను ఆవిడ రోజూ తొమ్మిదిన్నరకల్లా కంప్యూటర్లోకి రప్పిస్తేనే, ఏ వీధికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఇంజనీర్లకు తెలుస్తుంది. పక్క సీటు నాది. ఆవిడకు జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, కాబట్టి నెమ్మదిగా చెబుతానని మాటివ్వలేను.

మూడేళ్ల కిందట రికార్డు రూములో ఇనప బీరువా తలుపు ఊడి ఆవిడ కుడిచేతి మీద పడింది. మడతబందు వదులైందని అంతకుముందు రెండుసార్లు కాగితం పెట్టింది కూడా ఆవిడే. మధ్యవేలు, ఉంగరంవేలు ఇక వంగవన్నారు డాక్టర్లు. సెలవు ముగించుకుని వస్తే ఎలా ఉన్నావని అడిగినవాడు లేడు గానీ, "టైపు చేయలేకపోతే కవర్లు అంటించే సెక్షనుకు మార్చేద్దాం" అన్న మాట మాత్రం గుమ్మంలోనే ఎదురైంది. పంతొమ్మిదేళ్లు ఆ మిషనుతో కుస్తీ పట్టిన మనిషిని జిగురు డబ్బా ముందు కూర్చోబెడతారట! సీటు నిలబెట్టుకోవడానికి ఆవిడ ఆ రోజు నుంచీ గంట ముందే వచ్చి కూర్చునేది.

ఆవిడది మౌసుతో అయ్యే పని కాదు. నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేయాలి. ఒక్కోటి బారెడు పొడుగు, ఒక్క అక్షరం తప్పినా మళ్లీ మొదటికి. ఆ ఆదేశాన్ని అందుకుని మిషను చేత పని చేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. ఫిష్ అనే వేరే షెల్ ఉందనీ, రెండు మూడు అక్షరాలు కొట్టగానే పాత ఆదేశంలో మిగతాదంతా లేతరంగులో చూపిస్తుందనీ, బాణం మీట నొక్కితే చాలనీ ఆవిడ ఎక్కడో చదివింది. కొత్త ప్రోగ్రాములు పెట్టే బాధ్యతా ఆవిడదే. ప్రోగ్రాములను తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజరు అనే ప్రోగ్రాముకు పేరు చెప్పింది. అదే వెతికి, తోడు కావలసినవన్నీ వెంటేసుకొచ్చి, పెట్టమంటారా అని అడిగింది. పెట్టమంది. రెండు నిమిషాల పని. మొదటి రోజు ఆదేశాలన్నీ ఒకసారి పూర్తిగా కొట్టాల్సి వచ్చింది. మర్నాడు తొమ్మిదింబావుకే రీడింగులన్నీ వచ్చేశాయి.

"చూశావా, నా రెండు వేళ్లూ తిరిగొచ్చాయి" అంది. ఆవిడ అలా నవ్వగా చూసి మూడేళ్లయింది.

ఆవిడకున్న జబ్బల్లా నిజాయితీ. మిషన్లో ఏం మార్చినా రిజిస్టర్లో రాయాలన్నది రూలు. మిగతా ఎనిమిది మందీ ఆటలు పెట్టుకున్నా పాటలు పెట్టుకున్నా ఒక్కరూ రాయరు. ఆవిడ గుండ్రటి తెలుగు అక్షరాలతో "ఫిష్ ఇన్‌స్టాల్ చేశాను" అని రాసింది.

సరిగ్గా అదే వారం పైనుంచి సర్క్యులర్ వచ్చింది, ఫిషింగ్ పట్ల జాగ్రత్త అని. దొంగ మెయిళ్లతో పాస్‌వర్డులు కాజేసేవాళ్ల గురించి. ఇంగ్లీషులో ఆవిడ ఫిష్‌కూ ఈ ఫిషింగ్‌కూ మొదటి అక్షరమే వేరు. తెలుగులో రాస్తే కవలపిల్లలు. మా సూపరింటెండెంటు గారు రిజిస్టరునూ సర్క్యులరునూ పక్కపక్కన పెట్టుకుని పెద్ద దొంగను పట్టేశాననుకున్నారు. అడగొచ్చుగా? మధ్యలో ఉన్నది ఒక్క చెక్క తలుపు. అడగలేదు. "కార్యాలయ కంప్యూటరులో ఫిష్ ప్రవేశపెట్టి భద్రతకు భంగం కలిగించినందుకు" మెమో ఇచ్చారు. ఫిష్‌ను సాక్ష్యంగా ఉన్నదున్నట్టు ఉంచమన్నారు. విచారణ తేలేదాకా ఆవిడను కవర్ల సెక్షనుకు పొమ్మన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

నేను పోట్లాడతానని లేస్తే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే, ఊరుకో" అంది. కందకు లేకపోవడమేంటి? ఆ వారమంతా అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్లింది.

విచారణ రోజు రాసుకోవడానికి నన్ను పిలిచారు.

"ఫిష్ ఎందుకు పెట్టావమ్మా?" అన్నారు సూపరింటెండెంటు.

"వేళ్లు వంగవు కాబట్టి సార్."

"వేళ్లకీ పాస్‌వర్డుల దొంగతనానికీ ఏంటి సంబంధం?"

అప్పుడర్థమైంది ఆవిడకు. నాకూ.

"ఫిష్ అంటే చేప సార్. ఆ ప్రోగ్రాము పేరు."

"చేపా? కంప్యూటర్లో చేపేంటి?"

"ఎలకుంటే లేని తప్పు చేపకేంటి సార్?" అన్నాను నేను, పక్కనున్న మౌసు చూపించి. నన్ను నోరు మూసుకోమన్నారు.

మీటరక్క ఆయన్ని తన కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్లింది. సీట్లో కూర్చుని మూడు అక్షరాలు కొట్టి బాణం మీట నొక్కింది. రీడింగులు జలజలా దిగాయి. సార్ కళ్లజోడు సవరించుకున్నారు.

"భలేగా ఉందే! నా దాంట్లోనూ పెట్టమ్మా."

సిగ్గనేది కొంచెమైనా ఉండాలి మనిషికి!

"మరి నా మెమో సార్?"

"దాని కాపీ పైకి పోయిందిగా, ఇప్పుడెవరు కదుపుతారు? పోనీ, పొరపాటైందని నువ్వే ఒక లెటరు టైపు చేసిచ్చెయ్. ఇక్కడితో ముగించేద్దాం."

ఏనాడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజూ పెంచలేదు.

"పొరపాటు నాది కాదు సార్, మీది. ఆ మాట మెమో కింద మీరే రాయండి. మీ పది వేళ్లూ బాగానే ఉన్నాయిగా."

ఆయన నా వంక చూశారు. నేను పెన్ను అందించాను. ఒక్క లైను రాయడానికి పావుగంట పట్టింది, అదీ నిలబడి. మీటరక్క తన సీట్లోంచి లేవలేదు.