డ్రిల్లు సారు క్లాసు, నా శనివారాలు

ఆ రోజుల్లో మా నాగర్‌కర్నూల్‌లో ఆడమనిషి పొద్దున్నే చేతులూపుకుంటూ వడివడిగా నడిస్తే, ఎదురొచ్చినవాళ్లు రెండే ప్రశ్నలు అడిగేవాళ్లు. "షుగర్ వచ్చిందా?" లేకపోతే "బస్సు పోయిందా?" ఒంట్లో బాగున్న మనిషి ఊరికే చెమట పట్టించుకుంటుందంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇప్పుడు మా కాలనీలో వారానికి మూడు రోజులు జుంబా క్లాసు ఉంది. నేను చేరి నాలుగు నెలలైంది, వెళ్లింది తొమ్మిదిసార్లు. (మీటింగు, మోకాళ్లు, వాన. నా సాకులు ఈ వరసలోనే వస్తాయి.) వెళ్లని రోజున మాత్రం మా డ్రిల్లు సారు తప్పకుండా గుర్తొస్తారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. నాకు ఇరవై నాలుగేళ్లు, ఒక ప్రైవేటు బడిలో టీచరుని. ఎనిమిదిన్నర నుంచి ఐదు దాకా బడి, ఏడున్నర దాకా ట్యూషన్లు, ఆ తర్వాత నోటుబుక్కులు దిద్దడం. ఆ మధ్య అటవీ శాఖ పరీక్ష రాస్తే, ఎవరి పొరపాటో గానీ, పాసయ్యాను. మిగిలింది నడక పరీక్ష. ఆడవాళ్లు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. అప్పటికి నేను ఏకబిగిన నడిచిన దూరమల్లా ఇంటి నుంచి బడికే. ఈ అవకాశం జారిపోతే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు, మూడో తరగతికి ఎక్కాలు చెబుతూనే ముసలిదాన్నైపోతానని నిజంగా భయమేసింది. అందుకని రెండు పనులు చేశాను. పదకొండు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను, డ్రిల్లు సారు క్లాసులో చేరాను. ఈ రెండూ ఒకదానికొకటి గిట్టవని అప్పుడు తోచలేదు.

సారు బడిలో డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యారు. హైదరాబాదులో కొడుకింట్లో నెల రోజులుండి, ఎదురింటి మేడమీద జరిగే ఏరోబిక్స్ క్లాసును కిటికీలోంచి చూసి నేర్చుకొచ్చారు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల కోసమని ఒక ఫంక్షన్ హాల్లో పొద్దున ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా క్లాసు పెట్టారు. మేం పదిమందిమి. కుచ్చిళ్లు పైకి దోపుకుని, కొంగు నడుముకు బిగించి, కాళ్లకు కాన్వాసు బూట్లు వేసుకుని టేపురికార్డరు పాటలకు ఎగిరేవాళ్లం. ముహూర్తాలున్న రోజు హాలు పెళ్లివాళ్లది, మేం వెనక వంటల దగ్గరికి పోవాలి. అక్కడ వంటవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తుంటే మేం కళ్లనీళ్లు పెట్టుకుంటూ గుంజీలు తీసేవాళ్లం.

దానికంటే పెద్ద తంటా ఒక్కపొద్దులతో వచ్చింది. ఒక్కపొద్దంటే పగలంతా చాయ్ మీదే గడిపి, రాత్రి ఒక్కపూట తినడం. శివుడికని ముగ్గురు సోమవారం, ఇద్దరు గురువారం, లక్ష్మీదేవికని ముగ్గురు శుక్రవారం, నేనూ, మేమంతా దవాఖానక్క అని పిలిచే ఒకావిడా శనివారం. ఎవరి రోజున వాళ్లు "ఇయ్యాల గుంజీలొద్దు సార్" అని గోడకు చేరగిలబడేవాళ్లు. సారు హాజరు పుస్తకంలో మా పేర్ల పక్కన "ఒ.పొ." అని రాసి రాసి విసిగిపోయారు.

"ఏందమ్మా, దేవుండ్లందరు మాట్లాడుకొని నా క్లాసు మీదనే పడ్డరా? గుంజీలు తియ్యొద్దని ఏ దేవుడు చెప్పిండు?" అని విజిల్ ఊదేవారు. ఊదితే ఏం లాభం, లేచేవాళ్లుండాలి గదా.

దవాఖానక్క సర్కారు దవాఖానలో ఆయా. నలభై దాటిన మనిషి, రాత్రి డ్యూటీ పడినప్పుడు అది దిగి నేరుగా క్లాసుకొచ్చి, చేతులు పైకెత్తినప్పుడు అట్లాగే ఓ కునుకు తీసేది. "నేనెందుకొస్తున్ననో తెల్సా పిల్లా? ఇంటికి పోతే పని చెప్తరు. ఈడుంటే కసరత్తు చేస్తున్న అనొచ్చు" అనేది. ఆమె మాటలకు నవ్వడమే నాకు సగం వ్యాయామం.

అంతలో పిలుపు కాగితం వచ్చింది. చూస్తే పరీక్ష శనివారం, నా మొక్కులో సరిగ్గా తొమ్మిదోది. "ముందుగాల ఒకసారి ఒక్కపొద్దుతోనే నడిచి చూద్దాం" అన్నారు సారు. ఆ ముందు శనివారం బడికి సెలవు పెట్టి కొల్లాపూర్ రోడ్డు పట్టాను. వెనక సైకిల్ మీద సారు, ఆయన నోట్లో విజిల్. రెండు చాయ్‌ల బలంతో ఏడో కిలోమీటరు రాయి దాకా పోయి, ఆ రాయి మీదే కూలబడ్డాను. కళ్లు తెరిచేసరికి పాలాయన బండి మీద, క్యాన్ల నడుమ ఊళ్లోకి తిరిగొస్తున్నాను.

"తింటె ఉద్యోగం, తినకుంటె పాలబండి. నువ్వే చూస్కో" అన్నారు సారు.

అమ్మేమో "మొక్కు తప్పితే కండ్లు పోతయ్" అంది. తింటే మొక్కు పోతుంది, మొక్కు పోతే ఉద్యోగం పోతుంది. తినకపోతే ఉద్యోగం ఏడో కిలోమీటరు దగ్గరే పోతుంది. సోమవారం క్లాసులో (శివుడి భక్తురాళ్ల పక్కన, గోడవారన) కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"గింతదానికి ఏడుస్తవేందే?" అంది దవాఖానక్క. "మా దవాఖానల రోజు డ్యూటీలు మార్చుకుంటం. ఆ ఒక్క శనివారం నీ ఒక్కపొద్దు నేనుంట. నువ్వు కడుపునిండ తిని నడువు."

"నీది నీకున్నది గదక్కా, ఒక్క కడుపుతోని రెండు ఎట్లుంటవ్?"

"నాది చాయ్ తాగే ఒక్కపొద్దు. ఆ రోజు చాయ్ గూడ ముట్ట. అది నీ లెక్క."

దీన్ని కాదనగల శాస్త్రం మా పదిమందిలో ఎవరికీ తెలియదు. సారైతే హాజరు పుస్తకం తెరిచి, ఆ శనివారానికి ముందే అక్క పేరు పక్కన రెండు "ఒ.పొ."లు రాసేశారు.

పరీక్ష అమ్రాబాద్ వైపు అడవి రోడ్డు మీద. తెల్లవారుజామునే రెండు జొన్నరొట్టెలు పల్లీల పొడితో తిని బయల్దేరాను. పన్నెండో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేశాయి, కూర్చుందామనిపించింది. చాయ్ చుక్క కూడా లేకుండా అక్క నా కోసం వార్డు తుడుస్తూ ఉంటుందని గుర్తొచ్చి, సిగ్గుతో అడుగు ముందుకేశాను. తొమ్మిది నిమిషాలు మిగిలుండగా గీత దాటాను. అవతల నిలబడ్డ సారు విజిల్ ఎంత గట్టిగా ఊదారంటే, ఆఫీసర్లు వచ్చి లాక్కున్నారు.

ఉద్యోగం వచ్చింది. మొక్కు పదకొండుతో తీరిపోయినా, అక్క మీది కృతజ్ఞత కొద్దీ ఇన్నేళ్లూ శనివారం ఒక్కపొద్దు మానలేదు. అదీ చాయ్ లేకుండా.

కిందటి నెల ఓ శనివారం అక్కను చూడబోయాను. ఇప్పుడామె రిటైరై ఇంటిపట్టునే ఉంటోంది. నాకని రొట్టెలు చేస్తుంటే, తిననని చెప్పి, ఎందుకో కూడా చెప్పాను. "ఆ రోజు నువ్వు చాయ్ గూడ ముట్టకుండ ఉన్నవని తల్సుకొనే నడిచిన అక్కా" అన్నాను. అక్క పెనం మీది రొట్టెను అవసరం లేకపోయినా రెండుసార్లు తిరగేసింది.

"ఒక మాట చెప్త, తిట్టొద్దు. ఆ రోజు పొద్దుగాల ఏడు గంటలకే తిన్న."

"ఏందక్కా?"

"నువ్వు యాడ పడిపోతవో అని పరేషాన్. నాకు పరేషానైతే ఆకలైతది. మూడు రొట్టెలు తిన్న. పగటికి అన్నం గూడ తిన్న. నీదీ పాయె, నాదీ పాయె."

"మరి స్వామి?"

"ఆయన ఇన్నేండ్లు ఏమనలే. నువ్వు పోయి చెప్పకు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. ఎవరి ఉపవాసమూ లేకుండానే ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల పదహారు కిలోమీటర్లు నడిచేసిందన్నమాట. ఆ పిల్ల అప్పుడు నాకు ముద్దొచ్చింది. అక్క నా ముందు కంచం పెట్టి, "తిను పిల్లా, ఇయ్యాల నీ ఒక్కపొద్దు నేనుంట" అంది, నోట్లో రొట్టెముక్క నములుతూనే. ఇన్నేళ్లకు ఓ శనివారం పట్టపగలు మూడు రొట్టెలు తిన్నాను. సోమవారం నుంచి జుంబా క్లాసు ఒక్కటీ మానొద్దని ఆ కంచం ముందే గట్టిగా అనుకున్నాను.

సోమవారం వానొచ్చింది.