నలభై కిలోమీటర్ల బండిలో పసుపు దంచుడుకు

మా బండి ఒకసారి ఛార్జి ఎక్కితే నలభై కిలోమీటర్లు పోతుంది. ఆర్మూర్ నుంచి మా వదిన గారి ఊరు యాభై. మధ్యలో మిగిలిన ఆ పది కిలోమీటర్ల కోసం నేను వారం రోజులు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఇలాంటి కరెంటు కారు కొని దూరం పోదామనుకునే వాళ్లకు పనికొస్తుందని ఆ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

నేను ఆర్మూర్‌లో మోటారు వైండింగ్ మెకానిక్‌ని. చుట్టుపక్కల బావుల మీద కాలిన మోటార్లు చాలావరకు నా షాపుకే వస్తాయి. ఈ బండిని హైదరాబాదులో ఒక ఆఫీసరు వాడి వాడి మూలన పడేశాడు. కొత్తలో ఎనభై కిలోమీటర్లు పోయేదట, ఇప్పుడు బ్యాటరీలు ముసలివైపోయాయి. పసుపు దించి ఖాళీగా వస్తున్న లారీలో ఎక్కించి ఇంటికి తెచ్చాను. గల్లీ పిల్లలు దానికి 'సెల్లు కారు' అని పేరు పెట్టారు. పిల్లలనేముంది, షాపు ముందు టీ తాగే పెద్దమనుషులు కూడా "ఏం మెకానిక్, సెల్లులు మార్చినవా?" అని రోజూ అడుగుతారు.

కొన్నది సగం మోటారు మీద మోజుతో, సగం మా విజయ కోసం. నా భార్య విజయ పదకొండేళ్లు పసుపు కొమ్ములు పాలిష్ పట్టే చోట కూలికి పోయింది. ఆ దుమ్ముకు దమ్ము బీమారి, అదే ఉబ్బసం, పట్టుకుంది. మూడేళ్ల కింద నిజామాబాద్ పోయే బస్సులో డీజిల్ పొగకు ఊపిరాడక పడిపోతే దవాఖానలో నాలుగు రోజులు ఉంచారు. ఆ తర్వాత ఆమె ఆర్మూర్ దాటలేదు. కిరాయి జీపు మాట్లాడితే ఆ వాసనకే దగ్గు మొదలయ్యేది. పైకి నవ్వుతూనే ఉంటుంది కానీ, రోడ్డు మీద బస్సు హారన్ వినపడితే చాలు, చేతిలో పని ఆపి తలుపు వైపు చూస్తుంది.

మాఘమాసంలో నవీపేట్ అవతలి నుంచి వాళ్లక్క, అంటే మా వదిన, ఫోన్ చేసింది. కూతురి పెళ్లి బుధవారం. ఆదివారం పొద్దున పదకొండు ఇరవైకి పసుపు దంచుడు. పెళ్లికూతురికి పెట్టే పసుపును ముత్తైదువలు రోట్లో దంచుతారు కదా, వాళ్లింట్లో తొలి పోటు చిన్నమ్మదే. "నువ్వు రాకుంటే రోట్ల కొమ్ములు గట్లనే ఉంటయ్ చెల్లె, ఇంకొకల్ల చేతికి రోకలి ఇయ్య," అన్నది వదిన. విజయ ఫోన్ పెట్టేసి "నేను పోత," అన్నది. ఎట్లా అని అడగలేదు, నా వైపు చూసింది.

అప్పుడు కాగితం తీశాను. నిజామాబాద్ దాటి నవీపేట్ దారిలో ఎనిమిది కిలోమీటర్లు పోతే నా పాత గిరాకీ గంగారాం పసుపు చేను ఉంటుంది. అతని బావి మోటారును మూడుసార్లు చుట్టింది నేనే. బావికాడి షెడ్డులో ఈ బండి ఛార్జికి సరిపోయే లావు తీగ ఉంటుంది. గురువారం ఫోన్ చేస్తే "పగటి కరెంటే అన్నా, ఆరింటి నుంచి ఒంటి గంట దాక," అన్నాడు. ఏడింటికి అక్కడికి చేరి, రెండున్నర గంటలు ఛార్జి పెట్టి, పదింబావుకల్లా వదిన ఇంట్లో ఉండాలని రాసుకున్నాను. రాసుకున్న కాగితాన్ని ఫ్రేము కట్టిద్దామన్నంత మురిసిపోయాను.

ఆదివారం ఐదున్నరకు బయలుదేరాం. లారీలు లేవకముందే పోతే పొగ ఉండదు. విజయ ఒళ్లో పసుపు కొమ్ముల మూట, పక్కన పీల్చే మందు. అద్దాలు ఎక్కించి ముప్పై ఐదు మీద పోనిచ్చాను. అసలు చప్పుడే లేదు. "నడుస్తున్నదా, ఆగిందా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఆరున్నరకు నిజామాబాద్‌లో ఇడ్లీ తిన్నాం. హోటలాయన బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగి "పెట్రోల్ ఎక్కడ పోస్తరు?" అన్నాడు. పొయ్యరన్నాను. నమ్మలేదు.

ఏడు దాటాక గంగారాం చేనుకు చేరాం. ఛార్జి ముల్లు ఎర్ర గీత మీద ఉంది. ఆడవాళ్లు పసుపు ఉడకబెట్టే కొప్పెర దగ్గర పనిలో ఉన్నారు. బావి మాత్రం నిశ్శబ్దంగా ఉంది. నీళ్ల చప్పుడు లేదు. దిగకముందే నాకు సంగతి అర్థమైంది.

వ్యవసాయం కరెంటు వారం పగలు, వారం రాత్రి వస్తుంది. మా దిక్కున ఆదివారం నాడు వంతు మారుతుంది. ఇది చంటి పిల్లలకు కూడా తెలుసు. నేనైతే షాపుకొచ్చిన ప్రతి రైతుకూ "ఆదివారం వంతు మారుతది, చూసుకో," అని చెప్పి పంపేవాణ్ని. గంగారాం గురువారం చెప్పింది గురువారానికి నిజమే. మేమిద్దరం ఆదివారం సంగతి మరిచిపోయాం.

గంగారాం తల పట్టుకున్నాడు. "తప్పయింది అన్నా. కరెంటు మల్ల రాత్రి పదింటికే." విజయ మూట ముడి విప్పి మళ్లీ కట్టింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

గంగారాం వాళ్ల ఊరు అర కిలోమీటరు దూరం. ఊర్లో ఇళ్ల కరెంటు తొమ్మిదిన్నర దాకా ఉంటుంది కానీ, ఇళ్ల సాకెట్లు ఈ బండికి ఆనవు, కాలిపోతాయి. లావు తీగ ఉన్నది మహబూబ్ భాయ్ పిండి గిర్నిలోనే. బండి నాలుగు గజాలు పాకి ఆగిపోయింది. కొప్పెర దగ్గరి ఆడవాళ్లు నలుగురు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. విజయ దిగబోతే ఒకామె తలుపు మూసింది. "కూసో అక్కా, నువ్వేం బరువు?" నేను స్టీరింగ్ పట్టుకున్నాను, గంగారాం, ఆ నలుగురూ వెనక నుంచి నెట్టారు. కరెంటు కారు ఆ ఊరికి వచ్చింది అలా.

గిర్ని ముందు తొమ్మిది డబ్బాలు వరుసలో ఉన్నాయి. జొన్నలు, గోధుమలు, వాటి వెనక మనుషులు. మహబూబ్ భాయ్ అరవై దాటిన మనిషి, కనుబొమ్మల దాకా పిండే. సంగతి విని "పెట్టు భాయ్, దాంట్ల ఏమున్నది," అని ప్లగ్గు తనే పెట్టాడు. అంతే, బల్బు మసకబారింది, గిర్ని మోటారు మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు నాకు బాగా తెలుసు. ఇంకో పది నిమిషాలు అట్లాగే నడిస్తే వైండింగు కాలుతుంది. బలం తక్కువ కరెంటు అది, రెండిటికీ చాలదు. నేను ప్లగ్గు తీసేశాను.

"ఒకటే నడుస్తది భాయ్. నీ గిరాకీ చూస్కో," అన్నాను. టైము ఏడూ నలభై. విజయ బండి దిగి గిర్ని పిండి దుమ్ముకు దూరంగా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది.

వరుసలో మొదట ఉన్న ముసలమ్మ ఆమెను అడిగింది. "ఏడికి బిడ్డా?"

"మా అక్క బిడ్డ పసుపు దంచుడుకు అవ్వా. తొలి పోటు నాదే."

ముసలమ్మ తన డబ్బా ఎత్తుకుంది. "మహబూబూ, గిర్ని బంద్ చెయ్యి. మేం గియ్యాల బువ్వ తింటం, రొట్టెలు రేపు జేస్కుంటం. పసుపు రేపు దంచుతరా?"

వెనక ఒకరిద్దరు గొణిగారు. ఆమె వాళ్ల వైపు ఒక్క చూపు చూసింది. ఒక్కొక్క డబ్బా లేచింది. మహబూబ్ భాయ్ గిర్ని ఆపి, బెల్టు దించి, నా ప్లగ్గు పెట్టాడు. నేను యాభై ఏళ్ల మనిషిని, మోటార్ల ముందు తప్ప ఎవరి ముందూ మెత్తబడను. ఆ పూట కళ్లు తుడుచుకోవడానికి పిండి దుమ్ము అడ్డం పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. ముల్లు సగం దాటింది. డబ్బులు తీస్తే మహబూబ్ భాయ్ చేయి అడ్డం పెట్టాడు. "వచ్చేటప్పుడు ఎప్పుడొస్తరు?" అని మాత్రం అడిగాడు. గురువారం పొద్దున అని విజయ చెప్పింది.

పదీ పది దాటాక వదిన వాకిట్లో దిగాం. వదిన పరుగున వచ్చి చెల్లెలిని పట్టుకుని ఏడ్చింది. తర్వాత నన్ను చూసి "బండి ఏది మరిదీ? గీ డబ్బాలనా వచ్చింది?" అని నవ్వింది. పదకొండు ఇరవైకి విజయ ముక్కుకు కొంగు చుట్టుకుని, కంకణం కట్టిన రోకలి ఎత్తి తొలి పోటు వేసింది. ఒక్క పోటే అనుకున్నాం. ఐదు వేసింది. మిగతావాళ్లు దంచుతుంటే దూరంగా కూర్చుని మందు పీల్చుకుంది. ఆ మొహంలో వెలుగు నేను మూడేళ్లుగా చూడలేదు.

పెళ్లి బాగా జరిగింది. పందిరి దీపాల కోసం వేసిన లావు తీగ నుంచి బండికి నిండా ఛార్జి పెట్టాను. గురువారం ఆరుంబావుకు తిరుగు ప్రయాణం. మళ్లీ గిర్ని ఆపించడం నాకు ఇష్టం లేదు, నిజామాబాద్‌లో వేరే చోటు వెతుకుదామన్నాను. విజయ ఒప్పుకోలేదు. రోట్లో దంచిన పసుపు పొట్లాలు కట్టి ఒళ్లో పెట్టుకుంది. పది పొట్లాలు. తొమ్మిది డబ్బాలవాళ్లకు, ఒకటి గిర్నికి.

ఏడింటికి ముందే చేరాం. గిర్ని ముందు ఒక్క డబ్బా లేదు. బెల్టు దించి ఉంది, ప్లగ్గు దగ్గర ఊడ్చి ఉంది. మహబూబ్ భాయ్ రెండు కుర్చీలు వేసి కూర్చున్నాడు. "నిన్న రాత్రి దాక పిండి పట్టిన. బేస్తారం గిర్ని బంద్, బండొస్తది అని ఊర్లె చెప్పిన," అన్నాడు. బండి చూసి వచ్చిన ముసలమ్మ పొట్లం తీసుకుని, విప్పి, ముందు విజయ చెంపలకే రాసింది.

దూరం పోవాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగేది తక్కువే. పొడవాటి లావు తీగ, టెస్టరు వెంట ఉంచుకోండి, వంతు ఏ రోజు మారుతుందో ముందు రోజు ఇంకోసారి అడగండి. మిగతాది ఏ కాగితం మీదా రాసుకోలేను. ఆ ఊరికి నేను బాకీ పడ్డానని కూడా అననివ్వరు వాళ్లు.

నిజామాబాద్ దాటాక వెనక నుంచి ఆర్మూర్ బస్సు గట్టిగా హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయింది. విజయ అటు చూడలేదు. చెంపల మీద పసుపు ఇంకా ఉంది.

"వేములవాడ ఎంత దూరముంటది?" అన్నది.

మూడేళ్ల తర్వాత నా భార్య నోటి వెంట ఇంకో ఊరి పేరు వినడం అదే. మనసులో లెక్క వేసి చెప్పాను. "వంద దాక ఉంటది. దారిల రెండు చోట్ల ఆగాలె. రెండేసి గంటలు."

"ఆగుదం తియ్," అన్నది విజయ. "ఇంకో రెండూర్లల్ల మనోళ్లయితరు."