రంపపు పొట్టులో హార్డ్ డిస్కు

మెహరున్నీసా గురించి చెప్పాలంటే ముందు నా భయం గురించి చెప్పుకోవాలి. అందులో సిగ్గేమీ లేదు. ఆ రోజుల్లో జమ్మలమడుగు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ గేటులో లారీల సీరియల్ పిలిచే గుమాస్తాను నేను. లోడు కోసం నిలబడే లారీల్లో సగం ఒక పార్టీ వాళ్లవి, సగం ఇంకో పార్టీ వాళ్లవి. ఎవరి బండి ముందు అన్నదాని మీద తలలు పగిలేవి. నాకంటే ముందు సీరియల్ రాసిన వెంకటేశుకు ఆ గొడవల్లోనే కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆ తర్వాత గేటు ఎదురుగా టీకొట్టు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో గ్లాసులు అందించేవాడు కానీ గేటు దాటి లోపలికి ఒక్కసారి కూడా రాలేదు. నేను రోజూ ఆ కొట్టులోనే టీ తాగేవాణ్ణి.

కంప్యూటర్ వచ్చాక గొడవలు ఆగాయి. లారీ రాగానే నంబరు కొడితే వరుస అదే చూపించేది. అది ఏ పార్టీదీ కాదు, దానికి పెళ్లాం బిడ్డలు లేరు, బెదిరించి లాభం లేదు. నేను తెర మీద ఉన్నది చదివేవాణ్ణి, అంతే.

ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండేది మెహరున్నీసా. ప్రొద్దుటూరులో వడ్రంగి అమీర్ బాషా కూతురు. తండ్రికి చెక్క పట్టిస్తూ పెరిగి, డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి మా సర్వర్ గదికి వచ్చింది. తలమీద చున్నీ, చేతిలో స్క్రూడ్రైవర్. పనిలో పడితే తిండి గుర్తుండదు. నేనెంత వాగినా "ఊ మామా" అనడం తప్ప బదులుండేది కాదు.

సరిగ్గా ఎన్నికల ముందు సర్వర్‌కు వైరస్ పట్టుకుంది. గంటకోసారి దానంతటదే ఆగిపోయేది.

"మందు ఉండాది మామా. ప్యాచ్ అంటారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినోళ్లే నెట్‌లో ఊరికే పెట్టినారు. మనం తెచ్చుకోలేమంతే" అంది.

ఎందుకు తెచ్చుకోలేమంటే, మా హెడ్డాఫీసు పుణ్యం. లోపలికి దొంగ సరుకు రాకూడదని నెట్‌కు అడ్డుగోడ కట్టారు. పెద్ద ఫైలు ఏదొచ్చినా సగంలో కోసేస్తుంది. సీడీలు పెట్టే డ్రైవులు కూడా అన్ని కంప్యూటర్ల నుంచీ పీక్కుపోయారు. ఫోను చేస్తే, రిక్వెస్ట్ పెట్టండి, పదిరోజుల్లో చూస్తాం అన్నారు. కొంప అంటుకుంటే అర్జీ రాసుకు రమ్మనే రకం.

రెండోరోజు సాయంత్రం ఒక పార్టీ మనిషి నా భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు అయిదు గంటల లోడుకు యంత్రం లేకుంటే నువ్వే రాయి కుళ్లాయప్పా. మా బండ్లు ముందు రాయి. నీ ఇల్లు యాడుండాదో మాకు తెలుసు" అన్నాడు. కాసేపటికి రెండో పార్టీ మనిషి వచ్చి అదే మాట అన్నాడు, కాకపోతే 'అన్నా' అని మర్యాదగా పిలిచి అన్నాడు. పులివెందులలో మా అత్తగారింటికి పోయి దాక్కుందామా అని కూడా ఆలోచించాను.

చివరికి మా మేనేజరు ధైర్యం చేశాడు. విడి హార్డ్ డిస్కు ఒకటి ఇచ్చి, ప్రొద్దుటూరు నెట్ సెంటరులో ప్యాచ్ ఎక్కించుకు రమ్మని మెహరున్నీసాకు చీటీ రాసిచ్చాడు. తోడుగా నన్ను పంపాడు. పొద్దున తొమ్మిదికి కూర్చున్న పిల్ల ఒంటిగంటకు లేచింది. బస్సెక్కే ముందు తండ్రి అంగట్లోకి పోయి, డిస్కును కవరులో చుట్టి, స్టీలు డబ్బాలో రంపపు పొట్టు పోసి, మధ్యలో పెట్టి మూత బిగించింది.

"బస్సు కుదుపుకు దెబ్బ తింటాది మామా. పొట్టులో అయితే కదలదు. మా నాయన అద్దాలు ఇట్లే పంపుతాడు" అంది.

ఈ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, అప్పుడే నోరు విప్పాల్సింది. మా వైపు డబ్బాలో పొట్టు పోసి జాగ్రత్తగా మోసుకుపోయేది ఇంకొకటుంది. నాటుబాంబు. నా బుర్ర నిండా అయిదు గంటల లోడే ఉండటంతో ఆ మాటే తట్టలేదు.

జమ్మలమడుగు ఇంకా రాకముందే ఎన్నికల తనిఖీ అని పోలీసులు బస్సు ఆపారు. కానిస్టేబుల్ డబ్బా మూత తీసి, పొట్టు చూసి, పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా సీటు మీద పెట్టాడు. నిమిషంలో బస్సు ఖాళీ అయింది. డబ్బాను రోడ్డు పక్క చేనులోకి చేర్చారు. ఎస్సై బక్కెట్టుతో నీళ్లు తెప్పించాడు. బాంబైతే నీళ్లలో ముంచడం వాళ్ల పద్ధతి.

"ముంచొద్దు సార్. అది కంప్యూటర్ డిస్కు. తడిస్తే పనికిరాదు" అంది మెహరున్నీసా.

"డిస్కును పొట్టులో పెడతారా యాడన్నా?"

"మా నాయన వడ్రంగి సార్. మా ఇంట్లో ఏదైనా పొట్టులోనే పెడతాం."

మేనేజరు చీటీ చూపించాను. "చీటీ ఎవరైనా రాస్తారు" అన్నాడు ఎస్సై. నేనే తీసి చూపిస్తానని ఆమె ముందుకు కదిలితే కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు. ఇంకొకడు బక్కెట్టు ఎత్తాడు.

నన్ను వీరుణ్ణి చేయకండి. ఆ డిస్కు మునిగితే సాయంత్రం సీరియల్ నా చేత్తోనే రాయాలి. ఆ లెక్క తప్ప నాకు వేరే ఆలోచన లేదు. చేనులోకి పరుగెత్తి, గొంతుక్కూర్చుని, కుడిచెయ్యి పొట్టులోకి దూర్చాను. వెనక ఎవరో అరిచారు. మెహరున్నీసా మీద నాకు నమ్మకమే. అయినా కవరులోంచి వేళ్లకు చదునుగా, చల్లగా ఇనుము తగిలేదాకా కళ్లు తెరవలేదు. డిస్కు పైకెత్తి చూపించాను.

ఎస్సై టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "ఇంకోసారి గుడ్డలో చుట్టుకోమ్మా" అన్నాడు.

బస్సులో డిస్కును చున్నీ కొంగుతో తుడుచుకుంటూ, "నీ మీసాల నిండా పొట్టే మామా" అంది. నా మీసాలకంటే ఆమె చున్నీకే ఎక్కువ అంటుకుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. అంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో.

నాలుగున్నరకు సర్వర్ లేచింది. ఈసారి ఆగలేదు. అయిదింటికి గేటులో నిలబడి నంబర్లు చదివాను. నిన్న భుజం పట్టుకున్న మనిషి దగ్గరికొచ్చి, "యంత్రమే చెప్పిందా?" అన్నాడు.

"యంత్రమే చెప్పింది" అన్నాను. తన బండి దగ్గరికి పోయాడు.

టీకొట్టుకు వెళ్లాను. వెంకటేశు గ్లాసు అందిస్తూ, "గోళ్లల్లో ఆ పొట్టేందప్పా?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. అతను నవ్వలేదు. నా కుడిచేతినే కాసేపు చూశాడు. తర్వాత ఇంకో టీ పోసి, "ఆ పాప యాడుంటాది?" అని అడిగాడు.

సర్వర్ గది వైపు చూపించాను. నేను తీసుకుపోతానన్నా ఇవ్వలేదు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, వరుసలో నిలబడిన లారీల మధ్య నుంచి గేటు దాటి లోపలికి పోయాడు.